ప్రాసెసర్ మొరాయిస్తుంటే వినకూడని సలహాలు

ఒంటరిగా ప్రాక్టీస్ చేస్తున్నంతసేపూ సాఫీగా నడిచిన రేసింగ్ సిమ్యులేటర్ అసెట్టో కోర్సా, ఇరవై కార్లతో రేసు పెట్టగానే మొదటి మలుపులో తడబడుతుంది. బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. స్టీరింగ్ చేతిలో టకటకా కొట్టుకుంటుంది. సీపీయూ ఆక్యుపెన్సీ 99 శాతం దాటిందని తెర మీద హెచ్చరిక కనబడుతుంది. కారు వెనక చక్రాలు జారుతున్నాయో లేదో చేతికి తెలియాల్సిన క్షణం అది. సరిగ్గా అప్పుడే చేతికి ఏమీ తెలియకుండా పోతుంది.

సాయం అడిగారా, సలహాలు కుప్పలు తెప్పలుగా వచ్చిపడతాయి. చెప్పేవాళ్లది మంచి మనసే. కానీ వాటిలో చాలావరకు తుపాకీ గేముల కోసం పుట్టినవి, లేదా ఏనాటిదో పాత విండోస్ కోసం పుట్టినవి. కొన్ని జేబుకు చిల్లు పెడతాయి, కొన్ని ఉన్న జబ్బును ముదరబెడతాయి. నెలల తరబడి డబ్బు కూడబెట్టి స్టీరింగూ పెడల్సూ కొనుక్కున్న కుర్రాళ్లు ఈ సలహాల వెంటపడి ఆటే మానేస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. నేను చెప్పేది ఒక్కటే: కంప్యూటర్ ఏ గడువు తప్పుతోందో తేలకుండా దేన్నీ ముట్టుకోవద్దు.

గడువులు రెండు. మొదటిది బొమ్మది. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది 16.7 మిల్లీసెకన్లు. 90 హెర్ట్జ్ వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుంటే 11.1 మాత్రమే. రెండోది ఫిజిక్స్‌ది. టైరు ఎంత నలిగింది, సస్పెన్షన్ ఎంత కుంగింది, పట్టు ఎంత మిగిలింది అన్న లెక్కను అసెట్టో కోర్సా సెకనుకు 333 సార్లు వేస్తుంది. అంటే ప్రతి 3 మిల్లీసెకన్లకు ఒకసారి. ఐరేసింగ్‌లో 360 సార్లు, ఆర్‌ఫ్యాక్టర్ 2లో 400 సార్లు. కారు ఎక్కడ గుద్దుకుంటే అక్కడ వంగిపోయే బీమ్‌ఎన్‌జీలో 2000 సార్లు. మీ మానిటర్ ఎలాంటిదైనా ఈ లెక్క ఆగదు. మామూలు గేములో ఒక ఫ్రేము పోతే కంటికి ఇబ్బంది, అంతే. ఇక్కడ ఫిజిక్స్ గడువు తప్పితే స్టీరింగ్ మోటారుకు అందాల్సిన బలమే తప్పుతుంది. మిగతా గేముల చిట్కాలు ఇక్కడ పారకపోవడానికి కారణం ఇదే.

"టాస్క్ మేనేజర్‌లో సీపీయూ ముప్పై శాతమే ఉంది, తప్పు దానిది కాదు"

అన్నిటికంటే ఎక్కువమందిని దారి తప్పించే మాట ఇది. ఎనిమిది కోర్లు, పదహారు థ్రెడ్లు ఉన్న ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ ఊపిరి సలపకుండా పనిచేసినా మొత్తం లెక్కలో అది దాదాపు 6 శాతమే. రేసింగ్ సిమ్యులేటర్లలో బరువంతా ఒకటి రెండు థ్రెడ్ల మీదే పడుతుంది. ఒకటి ఫిజిక్స్, ఇంకొకటి బొమ్మ గీయడానికి గ్రాఫిక్స్ కార్డుకు ఆదేశాలు పంపేది. పెళ్లివంటలో ఎనిమిదిమంది వంటవాళ్లున్నా అన్నం వార్చేవాడు ఒక్కడే అయితే, పంక్తి అంతా అతని కోసమే ఎదురుచూడాలి. మిగతా ఏడుగురూ ఖాళీగా ఉన్నారని చూసి వంటశాలలో తొందరేమీ లేదనుకోవడం ఎంత పొరపాటో, ఆ ముప్పై శాతాన్ని నమ్మడం అంతే పొరపాటు.

కోర్ల వారీగా గ్రాఫులు తెరిచి చూసినా మోసపోయే అవకాశం ఉంది. విండోస్ ఒకే థ్రెడ్‌ను ఈ కోర్ నుంచి ఆ కోర్‌కు తిప్పుతూ ఉంటుంది. కాబట్టి ఏ ఒక్క కోరూ నూరు శాతం చూపించకపోవచ్చు. చూడాల్సింది మిల్లీసెకన్లు. ఇంటెల్ ఉచితంగా ఇచ్చే ప్రెజెంట్‌మాన్‌లో జీపీయూ బిజీ అనే అంకె ఉంటుంది. ఒక ఫ్రేముకు 18 మిల్లీసెకన్లు పడుతోంది, అందులో గ్రాఫిక్స్ కార్డు పనిచేసింది 10 మిల్లీసెకన్లే అనుకోండి. మిగతా 8 మిల్లీసెకన్లు కార్డు చేతులు కట్టుకుని ప్రాసెసర్ కోసం నిలబడిందన్నమాట. ఐరేసింగ్‌లోనైతే బయట ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. తెర మూలన ఉండే చిన్న పట్టీల్లో ఆర్ అన్నది ప్రాసెసర్ వైపు గీత పనిది, జీ అన్నది గ్రాఫిక్స్ కార్డుది. ఏది పొడవుగా ఉంటే ఆలస్యం దానిది.

సాఫ్ట్‌వేర్ లేకుండానే తేల్చుకునే పరీక్షలు మూడున్నాయి. అదే రేసు, అవే కార్లు పెట్టి రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించండి. ఫ్రేములు పెరిగితే అడ్డు గ్రాఫిక్స్ కార్డు. అక్కడే ఉండిపోతే ప్రాసెసర్. ఇక రెండోది: ఒంటరిగా, కంప్యూటర్ నడిపే కార్లతో, ఆన్‌లైన్‌లో మనుషులతో, ఇలా మూడు రకాలుగా తోలి చూడండి. ఆన్‌లైన్‌లో అవతలివాళ్ల కార్ల ఫిజిక్స్‌ను వాళ్ల వాళ్ల కంప్యూటర్లే లెక్కగడతాయి. ఇంట్లో ఏఐ కార్లతో ఆడినప్పుడు మాత్రం ప్రతి కారు భారమూ మీ ప్రాసెసర్ మీదే. అసెట్టో కోర్సాలో ఏఐ కారు కూడా మీ కారు నడిచే ఫిజిక్స్‌తోనే నడుస్తుంది. ఆన్‌లైన్‌లో ఇరవై కార్లతో నిలకడగా ఉండి, ఇంట్లో ఇరవై ఏఐ కార్లతో తడబడితే సంగతి తేలిపోయినట్టే.

మూడో పరీక్ష నాకు చాలా ఇష్టం. రేసు అవగానే రీప్లే పెట్టి, తడబడ్డ మలుపునే కారులోపలి కెమెరాతో చూడండి. రీప్లేలో కార్లన్నీ కనబడతాయి, కానీ ఫిజిక్స్ లెక్క ఉండదు. నమోదైన కదలికలే మళ్లీ నడుస్తాయి. రీప్లే కూడా అక్కడే తడబడితే గీత పని బరువైనట్టు. రీప్లే నున్నగా నడిచి, తోలేటప్పుడే తడబడితే ఫిజిక్స్‌దీ ఏఐదీ తప్పు. ఈ రెంటికీ మందులు వేరు.

"సెట్టింగులన్నీ లో పెట్టెయ్"

రిజల్యూషన్, యాంటీ ఏలియాసింగ్, తెర మీది మెరుపులూ మసకలూ గ్రాఫిక్స్ కార్డు చూసుకునేవి. టెక్స్చర్ల సైజు వీడియో మెమరీ చూసుకుంటుంది. ప్రాసెసర్ దగ్గర అడ్డు ఉన్నప్పుడు వీటిని తగ్గిస్తే బొమ్మ బూడిదలా అయిపోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. దీనికి విరుగుడుగా ఇంకో సలహా తిరుగుతుంటుంది, "రిజల్యూషన్ పెంచు, భారం కార్డు మీదికి పోతుంది" అని. అదీ తప్పే. భారం ఎక్కడికీ పోదు. కార్డు కూడా ప్రాసెసర్ అంత నెమ్మదిగా తయారవుతుంది, శాతాలు సమానంగా కనబడతాయి, అంతే. కార్డుకు ఊపిరి మిగిలి ఉంటే అందమైన బొమ్మ కోసం పెంచుకోండి, కాదనను. వేగం కోసమైతే వద్దు.

ప్రాసెసర్‌ను నిజంగా తినేవి అద్దాలు, ప్రతిబింబాలు, నీడలు, కనిపించే కార్ల సంఖ్య. వెనక చూపే అద్దం అంటే అదే ట్రాక్‌ను ఇంకో కోణం నుంచి మళ్లీ గీయడం. కారు బాడీ మీద చెట్లూ ఆకాశమూ మెరవాలంటే కారు చుట్టూ ఆరు ముఖాల పెట్టె ఊహించుకుని ఒక్కో ముఖం మీదా దృశ్యాన్ని గీయాలి. అసెట్టో కోర్సాలో ఫ్రేముకు ఎన్ని ముఖాలు గీయాలో చెప్పే సెట్టింగు ఉంది. దాన్ని రెండుకో ఒకటికో దించితే ప్రతిబింబం కాస్త ఆలస్యంగా మారుతుంది. రేసులో దాన్ని గమనించే తీరిక ఎవరికీ ఉండదు. నీడలూ అంతే, సూర్యుడి వైపు నుంచి ఇంకో దఫా గీత. ప్రతి దఫాకూ ప్రాసెసరే ఆదేశాలు రాసి పంపాలి. మూడు మానిటర్లు పెట్టుకున్నవాళ్లకూ వీఆర్ వాడేవాళ్లకూ ఈ లెక్క ఇంకా పెరుగుతుంది.

అసెట్టో కోర్సా కాంపిటిజియోనేలో కనిపించే ప్రత్యర్థుల సంఖ్య తగ్గించుకోవచ్చు. దాంతో గీత పని తగ్గుతుంది. కానీ కనబడని ఏఐ కారు కూడా రేసులో ఉన్నట్టే, దాని లెక్క సాగుతూనే ఉంటుంది. రీప్లే పరీక్షలో ఫిజిక్స్ దోషమని తేలినవాళ్లు కార్లను దాచడం కాదు, తగ్గించాలి. ఇరవై నాలుగు కార్లతో కుంటే రేసు కంటే పదహారింటితో నిలకడగా సాగే రేసు ఎంతో మేలు. మలుపు మలుపుకూ స్టీరింగ్ నిజం చెబుతుంటేనే కదా తోలడం వచ్చేది.

ఇక్కడే మోడ్ల సంగతి. దూరంగా ఉన్న కారుకు తక్కువ వివరాలున్న మోడల్ వాడటం ఆట తయారుచేసేవాళ్లు పాటించే పద్ధతి. ఉచితంగా దొరికే చాలా మోడ్ కార్లలో ఆ తేలిక మోడళ్లు ఉండవు. అర కిలోమీటరు దూరంలో చీమంత కనబడే కారును కూడా డ్యాష్‌బోర్డు స్క్రూలతో సహా గీస్తాయి. అలాంటివి ఇరవై వరుసలో నిలబెడితే ఏ ప్రాసెసరూ తట్టుకోదు. ఎవరినీ తిట్టుకునే ముందు, ఆటతో పాటు వచ్చిన కార్లూ ట్రాక్‌తో ఒకసారి అదే పరీక్ష చేయండి. తెర మీద పెట్టుకున్న చిన్న ఆప్‌లనూ ఒక్కొక్కటిగా తీసి చూడండి. టైర్ల వేడి, గ్యాప్, రాడార్ అంటూ పది పేర్చుకుంటే అవన్నీ కలిసి ఆ గీత థ్రెడ్ సమయాన్నే తింటాయి.

"మంచి గ్రాఫిక్స్ కార్డు వేసెయ్"

అన్నిటికంటే ఖరీదైన తప్పు సలహా ఇది. రిజల్యూషన్ తగ్గించినా ఫ్రేములు పెరగలేదంటే, ఉన్న కార్డే ఖాళీగా కూర్చుని ఉందని అర్థం. దాని స్థానంలో రెట్టింపు ధర కార్డు పెడితే అది ఇంకా ఎక్కువసేపు ఖాళీగా కూర్చుంటుంది. రిజల్యూషన్ పరీక్షకు ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు పెట్టకుండా కార్డు కోసం ఒక్క రూపాయి కూడా తీయకండి.

"ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ప్రాసెసర్ల సంఖ్య పెంచు"

విండోస్ బూట్ ఆప్షన్లలో ప్రాసెసర్ల సంఖ్య అనే గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టి పెద్ద అంకె ఎంచుకుంటే అన్ని కోర్లూ "ఆన్" అవుతాయని ఏళ్ల తరబడి చెబుతున్నారు. ఆ గడి ఉన్నది పరీక్షల కోసం కోర్లను తగ్గించడానికి. టిక్ లేనప్పుడే విండోస్ అన్నిటినీ వాడుతుంది. పక్కనున్న మెమరీ గడిదీ ఇదే కథ. టిక్ ఉంటే తీసేయండి.

గేమ్ ప్రయారిటీని రియల్‌టైమ్‌కు పెట్టమనేది ఇంతకంటే ప్రమాదం. అలా పెడితే ఆట థ్రెడ్లు సిస్టమ్‌కు అవసరమైన పనులను కూడా పక్కకు నెట్టేస్తాయి. కీబోర్డు, మౌస్, చివరికి యూఎస్‌బీలో ఉన్న స్టీరింగ్ సైతం ఆలస్యంగా స్పందించవచ్చు. చేతికి తెలియడం కోసమే ఇంత పాట్లు పడుతుంటే ఆ దారినే మూసుకోవడం ఎందుకు? కమాండ్ ప్రాంప్ట్‌లో హెచ్‌పెట్ టైమర్‌ను బలవంతంగా ఆన్ చేయించే చిట్కా కూడా వదిలేయండి. ఆ టైమర్‌ను చదవడానికే ప్రాసెసర్‌కు ఎక్కువ సమయం పడుతుంది, ఆట వేగం తగ్గుతుంది. ఎవరైనా ఇప్పటికే చేయించి ఉంటే పాత స్థితికి తెచ్చుకోండి. ర్యామ్ క్లీనర్లు, గేమ్ బూస్టర్ల గురించి రాయడానికి ఏమీ లేదు, తీసేయండి.

"ఫ్రేముల మీద పరిమితి పెట్టడం పిచ్చితనం"

ప్రాసెసర్ చాలనివాళ్లకు పైసా ఖర్చు లేని మందు ఇదే. దాన్ని వద్దనే సలహా నాకు మింగుడుపడదు. పరిమితి లేకపోతే ఆట ఖాళీ ట్రాక్ మీద 140 ఫ్రేములకు ఎగబాకి, మొదటి మలుపులో 55కు పడిపోతుంది. సగటు చూస్తే 110 అని గొప్పగా కనబడుతుంది. చేతికి తగిలేది మాత్రం ఆ 55. అంతేకాదు, 140 ఫ్రేములు గీయడానికి ప్రాసెసర్ పడే పాట్లన్నీ ఫిజిక్స్‌కు దక్కాల్సిన ఊపిరిని లాక్కుంటాయి. రేసు ఆరంభంలో వెనక వరుసలో నిలబడి చూడండి. కార్లన్నీ కళ్లముందే ఉంటాయి, అంతకంటే బరువైన దృశ్యం రేసంతా వెతికినా రాదు. అక్కడ ఎన్ని ఫ్రేములు నిలకడగా వస్తున్నాయో చూసి పరిమితి దానికి దగ్గరలో పెట్టండి. ఆక్యుపెన్సీ హెచ్చరిక చాలామందికి దీనితోనే తగ్గుముఖం పడుతుంది.

"16 జీబీ ఉందిగా, ర్యామ్ సంగతి వదిలెయ్"

సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట బేరమాడి కంప్యూటర్ అసెంబుల్ చేయించుకునేటప్పుడు, తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు కదా అని ఒకే 16 జీబీ స్టిక్‌తో సరిపెట్టుకోవడం మామూలే. ఆ "తర్వాత" చాలా ఇళ్లలో రాదు. రెండు 8 జీబీ స్టిక్కులు సరైన స్లాట్లలో ఉంటే రెండు ఛానళ్లలో డేటా నడుస్తుంది. ఒకటే ఉంటే దారి సగమైపోతుంది. రేసింగ్ సిమ్యులేటర్ ప్రతి కొన్ని మిల్లీసెకన్లకూ చిన్న చిన్న లెక్కల కోసం మెమరీ దగ్గరికి పరిగెత్తే రకం, అందుకే దెబ్బ ఇక్కడ గట్టిగా తగులుతుంది.

దీనికి తోడు ఎక్స్‌ఎంపీ. డబ్బా మీద 3200 అని రాసున్న డీడీఆర్4 ర్యామ్, బయోస్‌లో ఆ ప్రొఫైల్ ఆన్ చేసేదాకా చాలా బోర్డుల్లో 2133కో 2400కో నడుస్తుంటుంది. ఏఎండీ ఏఎం5 బోర్డుల్లో ఇదే పని చేసే ప్రొఫైల్‌కు ఎక్స్‌పో అని పేరు. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో స్పీడ్ అన్న చోట చూడండి, ఎన్ని స్లాట్లు నిండాయో కూడా అక్కడే ఉంటుంది. సీపీయూ-జెడ్‌తో చూసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: అది సగం అంకె చూపిస్తుంది, 3200 ర్యామ్‌కు 1600 దగ్గర కనబడితే సరిగ్గా ఉన్నట్టే. ప్రాసెసర్ మార్చాలని బయల్దేరేముందు ఈ ఒక్క పేజీ తెరిచి చూడమని బతిమాలుకుంటున్నాను.

"మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టు"

విజయవాడలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం గది వేడి ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. చలిదేశాల్లో కూర్చుని రాసిన చిట్కాల్లో ఈ సంగతి ఉండదు. గది పది డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా ఇంచుమించు అంతే వేడెక్కుతుంది. హద్దు చేరగానే ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. ఉదయం బాగా నడిచిన ఆట మధ్యాహ్నం తడబడితే ముందు అనుమానించాల్సింది దీన్నే.

కానీ ఉష్ణోగ్రత అంకె ఒక్కటే చూసి కంగారుపడొద్దు. రైజన్ 7000 వరసలో చాలా చిప్‌లు భారం మీద 95 డిగ్రీల దాకా వెళ్లేలా తయారుచేసినవే. హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి వేడితో పాటు గిగాహెర్ట్జ్‌ను చూడండి. రేసు మొదట్లో ఉన్న వేగం పావుగంట తర్వాత కూడా ఉంటే భయం లేదు. పడిపోతుంటే అప్పుడు కేసు పక్క మూత తీసి ఇంకో రేసు తోలండి. పరీక్షగా ఇది మంచిదే. వేగం నిలిస్తే లోపలికి గాలి చాలడం లేదని తేలింది. ఆ తర్వాత ఫిల్టర్లు దులపడం, ముందువైపు ఫ్యాన్ చేర్చడం, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చడం చేసి మూత మళ్లీ బిగించేయండి. మూత తీసే ఉంచితే మన ఊళ్ల దుమ్ముకు కూలర్ రెక్కలు కొద్ది నెలల్లోనే మూసుకుపోతాయి. ల్యాప్‌టాప్ వాళ్లైతే ముందు చార్జర్ చూసుకోవాలి. కంపెనీ ఇచ్చిన పెద్ద చార్జర్ బరువని చిన్న టైప్-సీ చార్జర్‌తో ఆడితే ప్రాసెసర్‌కు చాలినంత కరెంటు అందదు.

"కోర్లు ఎక్కువున్నది తీసుకో"

ఇవన్నీ చేశాక కూడా చాలకపోతే అప్పుడు కొనుగోలు. అక్కడా కోర్ల లెక్క నమ్మొద్దు. 2022 ఏప్రిల్‌లో ఏఎండీ తెచ్చిన రైజన్ 7 5800ఎక్స్3డిని చూడండి. అంతకుముందున్న 5800ఎక్స్‌తో పోలిస్తే కోర్లు అవే ఎనిమిది. గరిష్ఠ వేగం 4.7 నుంచి 4.5 గిగాహెర్ట్జ్‌కు తగ్గింది కూడా. పెరిగింది ఒక్కటే, ఎల్3 కాష్, 32 నుంచి 96 ఎంబీకి. రేసింగ్ సిమ్యులేటర్లలో ఆ కాష్ తెచ్చిన తేడా చూసి చాలామంది నోరెళ్లబెట్టారు. కార్ల స్థితిగతులు, ట్రాక్ ఉపరితలం చిప్ పక్కనే అందుబాటులో ఉంటే ర్యామ్ దాకా పరుగు తగ్గుతుంది, మరి. తర్వాత వచ్చిన 7800ఎక్స్3డి, 9800ఎక్స్3డి అదే దారిలో నడిచాయి. పదహారు కోర్ల 7950ఎక్స్3డిలో అదనపు కాష్ ఉన్నది సగం కోర్లకే. ఆట ఆ సగంలో నడిచేలా చూసుకోవాలి, అందుకు ఏఎండీ చిప్‌సెట్ డ్రైవరూ విండోస్ గేమ్ బారూ తాజాగా ఉండాలి. ఆటను ఫలానా కోర్లకే కట్టేయమనే సలహా ఎక్కడైనా అర్థవంతం అయ్యేది ఇలాంటి చిప్‌ల దగ్గరే.

2017 నుంచి వచ్చిన ఏఎం4 బోర్డుల్లో చాలావాటికి 5800ఎక్స్3డి గానీ, 2024 జనవరిలో కాస్త చవకగా వచ్చిన 5700ఎక్స్3డి గానీ సరిపోతుంది. బోర్డు, ర్యామ్ మార్చే పని లేదు. బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కు ఆ చిప్ పేరు జాబితాలో ఉందో లేదో చూసుకోండి. బయోస్ అప్‌డేట్‌ను పాత ప్రాసెసర్ బోర్డు మీద ఉండగానే చేయాలి. కొత్తది బిగించాక అనుకుంటే, పాత బయోస్ దాన్ని గుర్తుపట్టక తెర మీద బొమ్మే రాకపోవచ్చు. అప్‌డేట్ అయ్యాక బయోస్ సెట్టింగులు మొదటికి వచ్చేస్తాయి, ఎక్స్‌ఎంపీ ఆఫ్ అయిపోతుంది. బయటికి వచ్చేముందే దాన్ని మళ్లీ ఆన్ చేయండి.